మార్చరాదన్న పంక్తి

విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, వర్ష ఋతువు, భాద్రపద బహుళ తదియ, బుధవారం.
10 సెప్టెంబరు 2025. లంజిపల్లి, బరంపురం.

పితృదేవతలు తమవారి వాకిళ్లకు వచ్చి నిలిచే పక్షం ఇది. ఈ పదిహేను రోజులూ మనిషి తనకు ముందు పోయినవారిని పేరుపేరునా తలచి నువ్వులూ నీళ్లూ విడవాలి. తనవల్ల జరిగిన పొరపాట్లను కూడా అలాగే పేరు పెట్టి తలచుకోవాలని బడిలో పిల్లలకు చెబుతుండేవాణ్ణి. ఆ పాఠం ఈ ఏడు నాకే వచ్చి పడింది. అందుకని ఈ పుస్తకం మొదలుపెడుతున్నాను. ఇది ఒకరు చదవడానికి కాదు.

జరిగినది ఇది. నిన్న ఆర్యపల్లి పడవలవారికి హెచ్చరిక ఫోను వెళ్లలేదు. మధ్యాహ్నానికి సముద్రం పొంగింది. మసేను అనే జాలరి పడవ, అందులో నలుగురు మనుషులు, పొద్దు వాలేదాకా ఒడ్డుకు రాలేదు. వచ్చారు. వల పోయింది. మనుషులు దక్కారు.

ఆ ఫోనులో పలికే గొంతు నాది. ఉదయ్ భాస్కర్ నా దగ్గర తెలుగూ సంస్కృతమూ చదువుకున్నవాడు. తరువాత ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పాడు. ఎనిమిదేళ్ల క్రితం ఈ ఏర్పాటంతా వాడే చేశాడు. వాతావరణ కేంద్రం ప్రకటన ఛత్రపూర్‌లో మత్స్యకారుల సంఘం గదిలోని యంత్రానికి చేరుతుంది. ఆ యంత్రం పడవ యజమానులందరికీ ఫోను చేసి, పడవ దించవద్దని నా గొంతుతో చెబుతుంది. ఉదయ్ పోయి రెండేళ్లయింది. వాడి కూతురు ప్రణతి ఇప్పుడు ఆ పని చూస్తోంది. ఈ వీధిలోనే నాలుగో ఇల్లు.

ఎందుకు మోగలేదో చూసి చెబుతానంది.

11 సెప్టెంబరు, చవితి, గురువారం

ప్రణతి ఉదయమే ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. ఆమె చెప్పినది నాకు అర్థమైనంత వరకు రాసుకుంటున్నాను.

మన యంత్రమూ కేంద్రం యంత్రమూ మాట్లాడుకునేటప్పుడు మధ్యలో ఎవరూ విని మార్చకుండా ఆ మాటలను గుప్తలిపిలో పంపుకుంటాయి. దానిని ఎన్‌క్రిప్షన్ అంటారు. అందులో పద్ధతులు తరాలు తరాలుగా ఉన్నాయి. కాలం గడిచేకొద్దీ పాతవాటి గుట్టు బయటపడుతుంది, వాటిని విడిచిపెడతారు. ఏ తరం నుంచి పైవి వాడాలో యంత్రం మొత్తానికి ఒకే చోట నిర్ణయిస్తారు. ఛత్రపూర్ యంత్రానికి ఆ నిర్ణయం చేసేవాడు పూర్ణచంద్ర, సంఘంలో కంప్యూటరు ఉద్యోగి. అతను ఆగస్టులోనే పాత తరాన్ని నిషేధించాడు. యంత్రంలోని ప్రోగ్రాములన్నీ ఆ మాట విన్నాయి.

ఒక్కటి వినలేదు. ఉదయ్ రాసిన లైబ్రరీ. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలు కావు. ఇతర ప్రోగ్రాములు అరువు తెచ్చుకొని వాడుకునే సిద్ధమైన భాగాల కూర్పు. అందులో ఉదయ్ ఆనాటి పద్ధతి పేరును తన చేత్తో స్థిరంగా రాసి పెట్టాడు. యంత్రం నియమం ఏదైనా ఆ లైబ్రరీ ఆ ఒక్క పేరే పట్టుకొని వెళుతుంది. సోమవారం నుంచి కేంద్రం ఆ పాత పద్ధతిని స్వీకరించడం మానేసింది. మానేస్తామని ముందుగా చెప్పే మానేసింది. మంగళవారం మన లైబ్రరీ అదే పేరు చెప్పి తలుపు తట్టింది, వాళ్లు తీయలేదు, ఇది నోరు మూసుకొని ఊరుకుంది.

“ఆ పంక్తి తీసేస్తే సరిపోతుంది తాతగారూ. కానీ దానిమీద నాన్న ఒక మాట రాశారు. అది చూసి చెయ్యాడలేదు” అని తెర నావైపు తిప్పింది.

తెలుగులోనే ఉంది. ‘గురువుగారి మాట. ఈ పంక్తి మార్చరాదు.’

ఈ గురువుగారెవరో మీకు తెలుసా అని అడిగింది. ఉదయ్‌కు చాలామంది గురువులమ్మా, కాలేజీలో ఎందరో ఉండి ఉంటారు అన్నాను. కాఫీ చల్లారిపోతోందని లోపలికి వెళ్లాను.

12 సెప్టెంబరు, శుక్రవారం

ఉదయ్‌కు గురువులు చాలామంది. ఇది నిజం.

13 సెప్టెంబరు, శనివారం

నా భార్య మాణిక్యాంబ రెండుసార్లు ఒంట్లో ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందన్నాను. ఎవరి ఒంట్లోనో బాగున్నట్టు చెప్పకండి అంది.

ప్రణతిని పిలిచి మధ్యేమార్గం ఒకటి చెప్పాను. పంక్తిని తీయనక్కరలేదు, పాత తరం పేరు కొట్టివేసి అక్కడ కొత్త తరం పేరు రాస్తే చాలు. తండ్రి పెట్టిన పంక్తి ఉంటుంది, పనీ జరుగుతుంది. ఈ ఆలోచన నాకే బాగుందనిపించింది.

“అలా చేస్తే రేపటికి పనవుతుంది తాతగారూ. ఇంకో ఎనిమిదేళ్లకి ఆ కొత్తదీ పాతదవుతుంది. అప్పుడు మళ్లీ ఓ మంగళవారం వస్తుంది. అప్పటికి ఇది ఎక్కడుందో తెలిసినవాళ్లు ఉంటారో ఉండరో” అంది.

పైగా దక్షిణాన మరి రెండు రేవుల వాళ్లు కూడా ఇదే లైబ్రరీని తీసుకొని వాడుతున్నారట. వాళ్లకూ మంగళవారం ఫోను మోగలేదు. అక్కడ ఆ రోజు ఎవరూ పడవ దించలేదు, అంతే.

గురువుగారెవరో తెలిస్తే ఆయన్నే అడిగి తీసేద్దును, తెలియకుండా తీయడానికి మనసు ఒప్పడం లేదు అని వెళ్లిపోయింది. ఈలోగా పూర్ణచంద్ర రోజూ కేంద్రం ప్రకటన తానే చదివి పదిమందికి ఫోన్లు చేస్తున్నాడట. ఆర్యపల్లిలో పడవలు పదే కావు.

14 సెప్టెంబరు, అష్టమి, ఆదివారం

ఛత్రపూర్ దాకా బస్సు, అక్కడ నుంచి ఆటో. ఆర్యపల్లి వెళ్లి వచ్చాను. ఎందుకు వెళ్లానో దారిలో నాకు తెలియదు.

మసేను తమ్ముడు లక్ష్ముడితో కలిసి ఇసుకలో కూర్చొని అరువు వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన వాళ్ల తల్లి జగ్గమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. ఆ ఊళ్లో నన్ను ఫోను పంతులు అంటారు. మొదటిసారి రికార్డు చేసిన హెచ్చరికలో ‘సముద్రము అల్లకల్లోలముగా నుండును’ అని చదివాననీ, ఊరంతా నవ్విందనీ, ఉదయ్ మళ్లీ చదివించాడనీ జగ్గమ్మ ఇప్పటికీ మరిచిపోదు.

“ఏటి పంతులుబాబూ, గొంతు పట్టేసిందేటి? మంగలారం నాడు పలకనేదు. మిరియాల కసాయం తాగలేకపోయారా” అంది.

మసేను ఊరుకోమన్నాడు. ఆ రోజు జరిగినది మెల్లగా చెప్పాడు. పడవలోకి నీరు వస్తుంటే అన్నం గిన్నెలతో తోడారట. లక్ష్ముడి అరచేతులు చూపించాడు. తాడు కోసిన గీతలు. నామీద కోపం లేదు. అదే నన్ను కూర్చోనివ్వలేదు.

“మీ ఫోను మోగితే దిగం. మోగకపోతే దిగుతాం. ఈ ఎనిమిదేళ్లూ అంతే గదా పంతులుగోరూ. మీరు అబద్దం సెప్పరని మా నమ్మకం” అన్నాడు. వల ముడి పళ్లతో బిగించి, “మల్లీ మోగుతాదా?” అని అడిగాడు.

మోగుతుంది అన్నాను.

15 సెప్టెంబరు, నవమి, సోమవారం

ఆ గురువు నేనే.

ఉదయ్ ఈ వీధి అరుగుమీదే, ఇప్పుడు నేను కూర్చున్న చోటికి రెండు మూరల దూరంలో కూర్చొని అడిగాడు. లైబ్రరీ తన నియమం తానే పెట్టుకోవాలా, యంత్రం పెట్టిన నియమానికి లోబడాలా అని. ఆ రోజుల్లో యంత్రాల మీద ఎవరి అదుపూ లేదట. బలహీనమైన పద్ధతులనూ రానిచ్చేవట. వాడికి ఆ దిగులు. నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. “పరుల శుచి మీద నీ శుచిని నిలపకు. నీ నియమం నువ్వే రాసుకో. రాసినది మార్చకు.”

మొదటి రెండు మాటలకు ఆనాటికి అర్థం ఉంది. మూడోది ఎందుకు అన్నాను? ఈ నాలుగు రోజులుగా దాని చుట్టూ తిరుగుతున్నాను. ఉదయ్ అడగలేదు. శాస్త్రంలో లేదు. కారణం ఇప్పుడు రాస్తున్నాను, రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి: ‘నువ్వే రాసుకో’ అన్నాక వాక్యం గాలిలో ఆగినట్టు అనిపించింది. పద్యం చివరి పాదం దగ్గర ఆగిపోతే ఎలా ఉంటుందో అలా. చెవికి నిండుగా ఉండాలని ఒక మాట వేశాను. అంతే. చెప్పిన తీరు నాకే నచ్చి తల ఊపాను కూడా.

వాడు దానిని శాసనంగా తీసుకున్నాడు. నలుగురు మనుషులు అన్నం గిన్నెలతో నీళ్లు తోడుకున్నారు.

సాయంత్రం ప్రణతి ఇంటిదాకా నడిచాను. తాళం వేసి ఉంది. వెనక్కి వచ్చాను. తాళం చూసి ప్రాణం తేలికపడిందని కూడా ఇక్కడ రాయాలి.

16 సెప్టెంబరు, దశమి, మంగళవారం

ఉదయం తర్పణానికి కూర్చున్నాను. మోకాలు నొప్పిగా ఉండి చెంబు వంచుకోవడం కష్టమైతే మాణిక్యాంబ పక్కన కూర్చొని నీళ్లు పోసింది. ఆమె అలా కూర్చోవడం ఇదే మొదలు. ఎప్పుడూ వంటింట్లో ఉంటుంది.

సంకల్పం చెప్పాను. ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ తిథిన, ఏ నదీతీరంలో, ఎవరు, ఎందుకు ఈ కర్మ చేస్తున్నారో ముందుగా చెప్పుకోవడం సంకల్పం. మా ఇంటి వరుస ప్రకారం గోదావరీ దక్షిణ తీరే అన్నాను.

“ఏటండీ, కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి అడుగుదామనుకుంటున్నా” అంది మాణిక్యాంబ, చెంబు ఎత్తి పట్టుకొనే. “మనం గోదావరి గట్టున ఉన్నామని ఏటేటా వాళ్లకి చెప్తున్నారు. పాపం వాళ్లు నువ్వులనీళ్ల కోసం అక్కడికెళ్లి వెతుక్కుంటున్నారేమో. మనకి దగ్గర నది ఋషికుల్య కదా.”

తర్పణం మధ్యలో నవ్వకూడదు. నవ్వాను.

మా తాతగారి తాతగారు గోదావరి దక్షిణపు గట్టు నుంచి ఈ గంజాం సీమకు వచ్చారు. ఆయన అక్కడ ఉన్నప్పుడు ఆ మాట సత్యం. ఇక్కడికి వచ్చాక ఆయన నోటికి అలవాటైనది కొడుకు విన్నాడు, కొడుకు నుంచి మనవడు, అలా నాదాకా. లేచి మా నాన్నగారు స్వహస్తంతో రాసుకున్న పితృకర్మల ప్రయోగ పుస్తకం తీశాను. ఆ చోట గోదావరి లేదు. ‘అముక నదీ తీరే’ అని ఉంది. అముక అంటే ‘ఫలానా’. అముక సంవత్సరే, అముక మాసే, అముక తిథౌ. శాస్త్రం తాను చెప్పవలసినది చెప్పి, మారేదానిని మారే చోటే ఖాళీగా వదిలింది. ఆ రోజు అక్కడ కూర్చున్నవాడు అమలులో ఉన్న పంచాంగాన్ని చూసి, తాను నిలిచిన నేలను చూసి నింపుకోవాలి. సంవత్సరం పేరు నేను ఏటా మారుస్తూనే ఉన్నాను. తాతగారి సంవత్సరాన్ని మార్చడం ఆయనకు అవమానమని నాకు ఒక్కనాడూ తోచలేదు. నది పేరు దగ్గర మాత్రం ఆగిపోయాను.

ప్రణతి తీయాలనుకుంటున్న పంక్తి సరిగ్గా ఇదే. నేను చెప్పిన మధ్యేమార్గం గోదావరి కొట్టివేసి ఋషికుల్య అని చెక్కడం. అది ఈ తరానికి చాలు. ఇక్కడ నుంచి మరో చోటికి పోయి బతికే మా వంశంవాడు అక్కడ కూర్చొని ఋషికుల్యా తీరే అంటాడు. కావలసింది ఆ ఖాళీ.

తర్పణం మళ్లీ మొదటి నుంచి చేశాను. ఋషికుల్యా దక్షిణ తీరే. మాణిక్యాంబ నీళ్లు పోసింది. ఈసారి దొరుకుతాం లెండి అంది.

17 సెప్టెంబరు, ఏకాదశి, బుధవారం

ప్రణతి ఇంట్లోనే ఉంది. చెప్పేశాను. ఆ గురువు నేనేననీ, మార్చకు అన్న మాట చెవి కోసం వేసినదనీ, గురువారం నాడు తెలిసే తప్పించుకున్నాననీ. కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమో అని.

ఆమె తెర మూసి నావైపు తిరిగింది. “నాకు మొదటి రోజే తెలుసు తాతగారూ. నాన్న ఇంకెవర్నీ గురువుగారూ అని పిలవలేదు. కాలేజీలో అందరూ సార్లే.”

మరి ఎందుకు అడిగావమ్మా అంటే, మీ మాట మీరే తీయాలి కదా, నేను తీస్తే నాన్న మాట కాదన్నట్టుంటుంది అంది. ఈ పిల్ల ఆరు రోజులు నాకోసం ఆగింది. మనుషులకు ఫోన్లు పూర్ణచంద్ర చేస్తున్నాడు కాబట్టి ఆగగలిగాననీ, రేపటిదాకా చూసి ఆ తరువాత నన్నడక్కుండానే తీసేసేదాన్ననీ కూడా చెప్పింది. ఆ మాట విని నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. నామీద గౌరవం ఆమె చేతిని ఎంతసేపు ఆపాలో ఆమెకు తెలుసు. ఉదయ్‌కు నేను నేర్పనిది ఇది.

అయినా ఒక సందేహం అడిగాను. యంత్రం నియమమే వదులుగా ఉంటే? అప్పుడు యంత్రం నియమాన్నే బిగించాలి, అది ఒక్క చోట బిగిస్తే అన్నిటికీ బిగుస్తుంది, ఒక్కొక్క లైబ్రరీ తన తాళం తాను వేసుకుంటే ఏ తాళం తుప్పుపట్టిందో ఎవరికీ తెలియదు అంది. ఉదయ్ గొంతు వినిపించినట్టయింది.

నా ఎదుటే పంక్తి తీసేసింది. ఒక్క మీట. పూర్ణచంద్ర ఛత్రపూర్ నుంచి ఫోనులో ఉన్నాడు. పరీక్ష కోసం పెట్టుకున్న వేరే యంత్రం మీద నియమాన్ని ఒకసారి పెంచాడు, ఒకసారి తగ్గించాడు. రెండుసార్లూ లైబ్రరీ దాని వెంటే నడిచింది. “హెలా, హెలా” అంటున్నాడు, అయింది అయింది అని. కేంద్రం తలుపు తీసింది.

ఇక ఆ చోట ఏం రాయాలో చెప్పమంది. చెప్పాను. చాలా పొడుగైంది. కత్తిరించింది. చివరికి మిగిలినది: ‘ఇక్కడ ఏ పద్ధతి పేరూ రాయరాదు. యంత్రం మొత్తానికి ఏది నియమమో దీనికీ అదే.’

“రాయరాదు అంటే మళ్లీ మార్చరాదు లాంటిదే కదా” అంది నవ్వు బిగబట్టి.

నిజమే. అప్పుడు మరొక వాక్యం చేర్చాం. పేరు స్థిరంగా రాసినందువల్ల 2025 భాద్రపదంలో ఫోన్లు మోగలేదని కారణం రాసి, ఈ కారణం చెల్లని రోజు వస్తే ఈ మాటా తీసేయవచ్చునని రాశాం. చదవడానికి అందంగా లేదు. అలాగే ఉంచమన్నాను.

18 సెప్టెంబరు, ద్వాదశి, గురువారం

కొత్త వాక్యం ఒకటి రికార్డు చేశాను. కేంద్రంతో మాట కలవని రోజున యంత్రం ఊరుకోకుండా ఆ సంగతే ఫోను చేసి చెప్పాలని ప్రణతి మార్చింది. నేను ‘నేటి సమాచారము అందలేదు’ అని రాసుకున్నాను. జగ్గమ్మకు ఫోను చేసి వినిపిస్తే, “అదేటి బాబూ, కోర్టు నోటీసునాగ. కబురు రానేదు, దిగకండి అనండి సాలు” అంది.

కబురు రాలేదు, దిగకండి. ఒక్కసారికే కుదిరింది.

19 సెప్టెంబరు, త్రయోదశి, శుక్రవారం

నాలుగు గంటలకు నా ఫోను మోగింది. ప్రణతి నా నంబరు కూడా జాబితాలో చేర్చిందట, చెప్పలేదు. ఎత్తితే నా గొంతే. రేపు, ఎల్లుండి సముద్రం బాగుండదు, పడవలు దించవద్దు.

పూర్తిగా విన్నాను. చివర సరే అన్నాను, ఎవరితోనో.

20 సెప్టెంబరు, చతుర్దశి, శనివారం

గాలి. కిటికీ రెక్కలు తాళ్లతో కట్టాం. పదిన్నరకు మసేను ఫోను చేశాడు. వెనుక హోరు, దానిమీద పిల్లల అరుపులు.

“అన్నీ ఇసక మీదే ఉన్నాయి పంతులుగోరూ, ఒక్కటీ దిగనేదు. మా అమ్మ ఏటంటందంటే, గొంతు బాగున్నాది, కసాయం తాగినట్టున్నారు అంటంది.”

తాగలేదని చెప్పమన్నాను. తరువాత చాలాసేపు ఏ పనీ చేయలేదు. మాణిక్యాంబ ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. కంచం నిండా వడ్డించింది, తిన్నాను.

21 సెప్టెంబరు, మహాలయ అమావాస్య, ఆదివారం

వాన వెలిసింది. దక్షిణాది రెండు రేవులవాళ్లూ మారిన లైబ్రరీని తీసుకున్నారని, అక్కడా ఫోన్లు మోగాయని ప్రణతి వచ్చి చెప్పింది.

మహాలయంలో శిష్యుడికీ నీళ్లు విడవవచ్చు. పితరుల వరుస అయ్యాక ఉదయ్ భాస్కర్ పేరు చెప్పి మూడు దోసిళ్లు విడిచాను. నాయనా, నా మాట నేను తీసేసుకున్నాను, నీ పని నిలిచింది అని తెలుగులోనే చెప్పాను. ప్రణతి పక్కన నిలుచుంది.

ఈ పుస్తకం ఇక్కడితో చాలు. ముగించే ముందు, నేను చూడబోని వారికి ఒక మాట.

నా తరువాత ఆ లైబ్రరీని తెరిచేవారు ఏ ఊరివారైనా, ఏ భాషవారైనా, వారి కన్నులకు అలుపు లేకుండు గాక. తమ ముందువారి రాతను చదివే ఓపికా, దానిని తీసివేసే ధైర్యమూ వారికి ఒకే చేతిలో కలుగు గాక. వారిని గురువులని పిలిచేవారు కలుగుదురు గాక, పిలిచినవారు వారిని ప్రశ్నింతురు గాక. వారి పని ఎవరి కంటా పడకుండా సాగు గాక. గాలి లేచిన ప్రతిరోజూ వారివల్ల ఏదో ఒక తీరాన పడవ ఇసుక మీద ఉండు గాక, పడవవాడు ఇంట్లో అన్నం ముందు కూర్చొని ఉండు గాక.